రత్తమ్మ చూసొచ్చిన రెండు కొండలు

డార్జిలింగు నుంచి తిరిగివచ్చిన మర్నాడు, ఆయా రత్తమ్మ దొరసానిగారిచ్చిన ఊలు మేజోళ్లు తొడుక్కుని కాకినాడ చేపల బజారుకు వెళ్లి, తడి బండమీద జారి, పినతల్లి మరిడమ్మ ముందున్న పండుగొప్పల తట్టలో కూర్చుంది. చేపలకేమీ కాలేదు.

"కొండలెక్కొచ్చినదానివి, నేలమీద నడవలేవేంటే?" అంది మరిడమ్మ.

"ఊటీలో పడితే గడ్డిమీద పడతాం పిన్నీ. డార్జిలింగులో అయితే రాళ్లమీద. తట్టలో పడటం ఇక్కడే," అంది రత్తమ్మ, లేవకుండానే.

దాంతో బజారంతా చుట్టూ చేరింది. దొర పిల్లల్ని చంకనేసుకుని ఒక వేసవి ఆ కొండా, మరో వేసవి ఈ కొండా ఎక్కివచ్చిన మనిషి మా ఊళ్లో ఆవిడొక్కతే. అప్పటికి మా వైపు రైలే లేదు. ఎటు వెళ్లాలన్నా పొగ ఓడే గతి. కొండలకు వెళ్లదలచిన షావుకార్లు ముందు రత్తమ్మ గుమ్మం తొక్కేవారు.

"ఊటీ అంతా పచ్చని దుప్పటి పరిచినట్టుంటాదండి. కానీ పైకి ఎడ్లబండి, నడుం విరిగిపోద్ది. డార్జిలింగుకి బుల్లి రైలు. మధ్యలో దిగి, పువ్వు కోసుకుని, మళ్లీ ఎక్కొచ్చు. ఎదురుగా మంచు కొండలు, తాటిముంజలు నిలబెట్టినట్టు."

బట్టల వర్తకుడు కుక్కుటేశ్వరరావుగారి తల్లి సంపూర్ణమ్మగారికి ఎండ వేడికి కళ్లు తిరుగుతున్నాయి. చల్లని కొండకు వెళ్లమన్నాడు వైద్యుడు. కానీ ఆవిడకో మొక్కు ఉంది: పసితనంలో కొడుకు కళ్లజబ్బు తగ్గినందుకు, సూర్యుణ్ణి చూసి దణ్ణం పెట్టనిదే మెతుకు ముట్టరు. పాలు మాత్రం పుచ్చుకుంటారు. మొక్కు తప్పకూడదు, ఆకలికి మాత్రం ఆగలేరు.

"ఏమే రత్తమ్మా, పొద్దు ఎక్కడ ముందు పొడుస్తుందే?"

"డార్జిలింగులోనండి. ఊటీ గడియారం మనలాగే చెన్నపట్నం లెక్క, డార్జిలింగుది కలకత్తా లెక్క. మన గడియారం కంటే అరగంట ముందుంటాదండి. ఊటీలో చీకటుండగానే అక్కడ తెల్లారిపోద్ది."

"అయితే అరగంట ముందే ఫలహారం," అన్నారు సంపూర్ణమ్మగారు, ముఖం వెలిగిపోతూ.

ఇల్లంతా పెళ్లి సందడి. సున్నుండల డబ్బాలు, ఆవకాయ జాడీలు, కొత్త కంబళ్లు రేవుకు చేరాయి. కొట్లోకి కొత్త సరుకు దిగడంవల్ల ప్రయాణం తొలకరి దాకా వాయిదా పడిందంతే. అదేమంత విశేషమని ఎవరూ అనుకోలేదు.

డార్జిలింగులో గడియారం చక్కగా కొట్టింది. పొద్దు పొడిచే వేళకు సంపూర్ణమ్మగారు స్నానం చేసి, సున్నుండ పక్కన పెట్టుకుని, చేతులు జోడించి వరండాలో నిలబడ్డారు. ఎదురుగా తెల్లని మబ్బు. మధ్యాహ్నానికీ అదే మబ్బు.

"అమ్మా, అదిగో," అని అరిచాడు వెంట వచ్చిన కొడుకు. ఆవిడ తల తిప్పేసరికి అది పక్క బంగళావారి ఇత్తడి పళ్లెం.

మర్నాడూ పాలే. ఆ మర్నాడు ఆవిడ కంబళితో సహా బుల్లి రైలెక్కేశారు. రైలు కిందికి దిగుతూండగా మబ్బు చీలింది. దిగువ స్టేషనులో, దొరలూ దొరసానులూ చూస్తూండగా, దణ్ణం ఒక చేత్తోనూ, నోట్లో సున్నుండ ఇంకో చేత్తోనూ పెట్టేశారావిడ. దొరసానొకతె నవ్వబోతే ఆమె చేతిలోనూ ఒక సున్నుండ పెట్టారు. మొక్కు నిలిచింది.

కాకినాడ రేవులో ఓడ దిగి, ఇంటికైనా వెళ్లకుండా, తిన్నగా రత్తమ్మ గుమ్మంలోకి వచ్చారు.

"అరగంట ముందే వస్తాడంటివి గదే. అంత దూరం పంపించి పస్తులు పెట్టించావు గదే."

"సూరీడు వేళకే వచ్చుంటాడండి అమ్మగారూ, మబ్బు సంగతి మీరడగలేదు గదండి."