బావ ఎంచిన కీబోర్డు

పోయిన వారం వేలూరులో వాద్యాలమ్మే దుకాణంలో నిలబడి, ఏమీ పాలుపోక, వచ్చిన దారినే తిరిగి గుడియాత్తం బస్సెక్కేద్దామా అనుకున్నాను. మా వీధి భజన బృందానికి హార్మోనియం మోయడం కష్టంగా ఉందని, తేలికైన కీబోర్డు ఒకటి చూసి తెమ్మని ఆడవాళ్ళంతా కలిసి నన్ను పంపారు. ఒకప్పుడు కచేరీలలో వాయించినవాణ్ణి కదా, నాకు తెలియనిదేముంటుందని వాళ్ళ నమ్మకం. దుకాణాయన నాలుగింటిని వరుసగా పరిచి, దీనికి తాళాలు ఎక్కువ, దానికి స్పీకర్లు గట్టివి, ఇందులో స్వరాన్ని వంచే చక్రం ఉంది, అందులో పెన్ డ్రైవ్ పెట్టుకోవచ్చు అని తమిళంలో గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, ఒకదాని గుణం వినేలోపల ఇంకొకదాని గుణం మరిచిపోయాను. చివరికి బ్యాటరీతో మోగేది, భుజాన తగిలించుకుని నడవగలిగేది తెచ్చాను. సరైనదే తెచ్చానా అంటే, ఏమో. మన వయసు వాళ్ళకు ఇలాంటి అయోమయం కొత్త కాదు గానీ, కీబోర్డు దగ్గర నాకిది రెండోసారి.

మొదటిసారికి నాకింకా ముప్పై నిండలేదు. మగ్గం మీద లుంగీలు నేస్తూ, పెళ్ళిళ్ళ కాలం వస్తే ఒక పాటల బృందంలో హార్మోనియం వాయించేవాణ్ణి. తబలా, డోలక్ మా బావవి. మా పెద్దక్క పెనిమిటి ఆయన. నన్ను ఆ బృందంలోకి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళిందీ ఆయనే. బావ పక్కన ఉంటే ఎవరికీ భయం ఉండేది కాదు. పాడేవాళ్ళు ఒక మాట దగ్గర ఇష్టపడి నిలిస్తే ఆయన చెయ్యీ నిలిచేది, వాళ్ళు తడబడితే అది ఎవరికీ వినబడకుండా ఎక్కడినుంచో ఒక దెబ్బ వచ్చి పడేది.

అప్పుడప్పుడే మా వైపు కీబోర్డులు వస్తున్నాయి. హార్మోనియం చూస్తే పెళ్ళివాళ్ళు మొహం చిట్లిస్తున్నారని, వేలూరు పోయి నీ చేతికి నచ్చింది చూసి చెప్పమని మా బృందం పెద్దాయన నాతో అన్నారు. ఒంటరిగా వెళ్ళడానికి బెరుకై బావను తోడు రమ్మన్నాను. అలా పిలవకుండా ఉండాల్సిందని ఎన్నోసార్లు అనుకున్నాను. పిలవకపోతే ఇంకా పెద్ద తప్పయ్యేదేమోనని కూడా అన్నిసార్లూ అనుకున్నాను.

దుకాణంలో రెండే ఉన్నాయి. ఒకదానికి నాదం బాగుంది, తాళం లేదు. రెండోదాని నాదం కాస్త డబ్బా మోతే గానీ, ఎడమచేత్తో మూడు మెట్లు నొక్కి పట్టుకుంటే డోలక్కు, డ్రమ్ములు, వెనక గిటారు, అన్నీ వాటంతటవే మోగుతున్నాయి. అది మోగగానే నా చూపు బావ మీదికి పోయింది. ఆయన తల వంచి చాలాసేపు విన్నాడు. ఏ మీట నొక్కితే ఆగుతుంది, దేనితో వేగం తగ్గుతుంది అని అడిగి, అన్నీ తానే నొక్కి చూశాడు. నేనేమో నాదమే కదా ముఖ్యం, మొదటిదే మేలని నసిగాను. ఎందుకు నసుగుతున్నానో ఆయనకు తెలియదా!

“తాళముండేదే తీసుకో అప్పా,” అన్నాడు. “నా చేతులు నొప్పి పుడతా ఉండాయి. ఇంకెన్నాళ్ళు వాయిస్తాను?”

నేను నమ్మాను. నిజమనిపించి నమ్మానో, నమ్మితే నాకు సులువని నమ్మానో చెప్పలేను.

మూడు నెలలు తిరగకముందే పెద్దాయన బావకు కబురు పెట్టడం మానేశారు. ఆ తర్వాత పొన్నైలో ఒక రైతుల ఇంట పెళ్ళి. మధ్యాహ్నం భోజనాల వేళ మేము వాయిస్తున్నాం, పెళ్ళివాళ్ళకు తెలిసినవాడు కనుక బావ కూడా వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. మా బృందంలో పాడే ఆమె ఒక చరణం చివర గొంతు సాగదీసింది. కీబోర్డు ఆగలేదు, తన పాటికి తాను పోయింది. ఆమె అందుకోబోయి తప్పింది, మళ్ళీ తప్పింది, ఆ కంగారులో నాకు ఏ మీట ఎక్కడుందో కనబడలేదు. బావ పంక్తిలోంచి లేచి వచ్చి, ఎంగిలి చెయ్యి దూరంగా పట్టుకుని, ఎడమచేత్తో సరిగ్గా ఆ మీటే నొక్కి తాళం ఆపేశాడు. అదే చేత్తో పక్కనున్న బెంచీ చెక్క మీద దరువు అందుకుని, పాట చివరిదాకా ఆమెను నడిపించి, వెళ్ళి మళ్ళీ తన ఆకు ముందు కూర్చున్నాడు. నొప్పి ఉన్న చెయ్యి అలా ఆడుతుందా?

మరునాడు వెళ్ళి అక్కను అడిగాను.

“నొప్పులా? నాతో యాడ చెప్పినాడు?” అంది. కాసేపటికి తనే, ఒక్కోరోజు పొద్దున చేతులకు ఆముదం రాసుకుంటాడని కూడా అంది. ఆ చేతులతోనే ఆయన మరో ఇరవై ఏళ్ళు మగ్గం నేశాడు. ఆయన్ను మాత్రం అడగలేకపోయాను. ఒకసారి విరించిపురం దగ్గర పాలారు ఏటి ఇసుకలో ఇద్దరమే నడుస్తున్నప్పుడు నోటిదాకా వచ్చింది. అంతలో ఆయన, నేనిప్పుడు బాగా వాయిస్తున్నానని నలుగురూ అంటుంటే విన్నానని మెచ్చుకునేసరికి మింగేశాను. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

ఆ రోజుల్లో ఎనిమిది మందిమి ఒకే వ్యానులో ఇరుక్కుని, ఎవరెక్కడ తప్పారో పోట్లాడుకుంటూ ఇళ్ళు చేరేవాళ్ళం. మొన్న అణైకట్‌లో ఒక పెళ్ళికి వెళితే, ఒక్క మనిషి ఒక్క కీబోర్డుతో కచేరీ అంతా నడిపించాడు. ఎక్కడా తడబాటు లేదు, పాడే అమ్మాయీ దాని వెంటే ఒక్క చోటా నిలవకుండా పాడేసింది. అయిపోయాక అతను కీబోర్డును సంచిలో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడే పని లేక, బస్టాండు వైపు ఒంటరిగా నడిచాడు. బాగా వాయించావు నాయనా అని చెబుదామని నాలుగడుగులు వేశాను గానీ, ఆ మాట అతనికి చెప్పాలో ఆ సంచిలో ఉన్నదానికి చెప్పాలో తెలియక అక్కడే ఆగిపోయాను.