మక్కీకి మక్కీ

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక రెండో సందులో, కళ్ళజోళ్ళ కొట్టు పక్కనున్న మెట్లెక్కితే మా టైపు దుకాణం. మూడు మిషన్లు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బల్ల, గోడకి ఒక మేకు, ఆ మేకుకి మా యజమాని గొడుగు. అరవైల్లో ఈ ఊళ్ళో ఎవరికి డాక్టరేటు రావాలన్నా వాళ్ళ గ్రంథం ముందు ఇలాంటి మెట్లు ఎక్కి దిగాల్సిందే. పరిశోధకులంటే జనం ఏవేవో ఊహించుకుంటారు గానీ, నాకు తెలిసిన పరిశోధకులు చంకలో కాగితాల కట్టతో రొప్పుతూ వచ్చి "ఎప్పటికవుతుందండీ?" అని అడిగేవాళ్ళే.

యజమాని పాత హైదరాబాదు మనిషి. ఉర్దూలో చదువుకుని, ఇంగ్లీషులో టైపు నేర్చుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. ముప్పై ఏళ్ళుగా ఇతరుల రాతలు టైపు చేస్తూ ఒక్కదాన్లో కూడా ఏముందో తెలుసుకోలేదని ఆయన గర్వం. "నేను మతలబు సదవను బిడ్డా. అచ్చరం సూస్త, అచ్చరం కొడ్త. మక్కీకి మక్కీ" అనేవారు. మా ఇంట్లో ఆ మాట తిట్టు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి దించేసినవాణ్ణి అంటాం. ఈయనేమో దాన్ని బిరుదులా చెప్పుకుంటుంటే నాకు నవ్వొచ్చేది.

మేం తెనాలి వైపువాళ్ళం. యాభై ఆరులో నాన్నగారు కర్నూలు నుంచి సచివాలయం ఫైళ్ళతో పాటు ఇక్కడికి బదిలీ అయ్యారు, ఖైరతాబాదులో కిరాయి ఇంట్లో దిగాం. నా చదువు పీయూసీతో ఆగిపోయింది. ఆగిపోయిందన్న ఉక్రోషం మాత్రం ఆగలేదు. టైపు హయ్యరు పాసై ఈ దుకాణంలో చేరినా, నేను ఉత్త టైపిస్టుని కానని రోజుకి పదిసార్లు నాకు నేనే చెప్పుకునేదాన్ని. యజమానిలా కళ్ళు మూసుకుని కొట్టడం నా వల్లయ్యేది కాదు. ప్రతి వాక్యం చదివేదాన్ని. రాసినవాళ్ళు ఎక్కడైనా మాట వదిలేస్తే చేర్చేదాన్ని, రెండుసార్లు రాస్తే ఒకటి తీసేసేదాన్ని. వాళ్ళు చూసుకుని మెచ్చుకునేవారు కూడా. నెత్తికెక్కకుండా ఎలా ఉంటుంది?

ఆ ఏడు ముగ్గురు ఒకేసారి తగిలారు. మొదటాయన నాంపల్లి దగ్గర బడిలో పంతులు, చరిత్ర మీద పనిచేస్తున్నారు. నవాబుల కాలంలో ఎవరికి ఏ తోట ఇచ్చారో, ఏ చెరువు నీళ్ళు రాసిచ్చారో తెలిపే సనదులు, అంటే పాత పట్టాలు, పారసీలో చదివి ఇంగ్లీషులో రాసుకొచ్చేవారు. ఒక్క తోట మీద నలభై పేజీలు కొట్టాను. ఉండబట్టలేక "ఆ తోట ఇప్పుడెక్కడుందండీ?" అని అడిగాను. "ఏడున్నదమ్మా? నాంపల్లి స్టేషన్ల దాని మీదికెళ్ళే మీరు టికెట్ కొనుక్కొని రైలెక్కుతున్రు" అన్నారు.

రెండో ఆవిడ కృష్ణా జిల్లా మనిషి, ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెబుతారు. బావులు తవ్వేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు పనిలో వాడే మాటలు పోగుచేస్తున్నారు. "పుస్తకం తెరిచానంటే చాలు, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. పుస్తకం మూసి, వాళ్ళతో టీ తాగుతూ కూర్చుంటేనే అసలు మాటలు రాలతాయి" అనేవారు. అలా విన్నవన్నీ మనసులో పెట్టుకుని, తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో కూర్చుని రాసుకునేవారు. మా మిషను మీద తెలుగు రాదు కాబట్టి ఆ మాటల కోసం ఖాళీలు వదిలేదాన్ని, ఆవిడ నల్లసిరాతో ప్రతి ప్రతిలోనూ నింపుకునేవారు.

మూడో ఆయన బావులాయన. భూగర్భశాస్త్రం. నాంపల్లిలో గది తీసుకుని, రెండేళ్ళపాటు పదిహేను రోజులకోసారి ఊళ్ళో నలభై బావుల చుట్టూ తిరిగి, సుద్ద రాసిన ఇనప టేపు లోపలికి దింపి, సుద్ద తడిసిన చోటుని బట్టి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో రాసుకున్నారు. ఈ సంగతి చెబితే మా అమ్మ, "బావిలో నీళ్ళున్నాయో లేదో చూడ్డానికి డాక్టరేటా? చేద వేస్తే తెలియదూ?" అంది. నేను మాత్రం ఆ రోజుల్లో భలే సంతోషంగా ఉండేదాన్ని. పొద్దున తోటలు, మధ్యాహ్నం కుండలు, సాయంత్రం బావులు. కాలేజీకి వెళ్ళకపోయినా మూడు చదువులు నా వేళ్ళ మీదుగా నడిచేవి.

బావులాయనకి గడువు దగ్గర పడింది. అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి కుదరదని చెప్పేశారు. ఆ తేదీ దాటితే రెండేళ్ళ శ్రమా బావిలో పోసినట్టే, సొంతూరి కాలేజీలో ఆయన కోసం ఆపి ఉంచిన ఉద్యోగమూ పోతుంది. అందుకని పని పంచుకున్నాం. అధ్యాయాలు యజమాని కొట్టారు. పట్టికలు వెడల్పు మిషను మీద నేను కొట్టాను. ఆయన అధ్యాయాలు సరిచూసుకున్నారు గానీ పట్టికలు చూడలేదు. "మీరు కొట్టాక నేను చూసేదేముందండీ" అన్నారు. నేను మొహమాటానికైనా కాదనలేదు.

ఆ పట్టికల్లో ఒకదాన్లో, నాంపల్లి బావికి ఎండాకాలం లోతులు ఇలా ఉన్నాయి: ఇరవై ఆరు అడుగులు, ఇరవై ఏడు, ఇరవై రెండు, ఇరవై తొమ్మిది. నడి వేసవిలో, వాన చుక్క లేకుండా, నీళ్ళు అయిదడుగులు పైకెలా వస్తాయి? నిద్రలేక తప్పు రాసుంటారు పాపం అనుకున్నాను. ఇరవై రెండు తీసేసి ఇరవై ఎనిమిది కొట్టాను. వరస చక్కగా కుదిరింది. ఆయన పరువు నిలబెట్టానని లోపల మురిసిపోయాను కూడా.

సమర్పించాల్సిన రోజుకి ముందు రోజు ఉదయం, నాలుగు ప్రతులూ నాంపల్లిలో అట్టలు కుట్టి జిల్దు వేసే దుకాణానికి వెళ్ళిపోయాయి. అయిదోది, మసకగా పడిన కార్బన్ కాపీ, మా దగ్గరుంది. బావులాయన కలాకంద్ పొట్లంతో వచ్చారు. మిగతా ఇద్దరూ బల్ల మీద ఉన్నారు. ఈ ముగ్గురికీ మా దుకాణంలోనే పరిచయమైంది, కింద ఇరానీ హోటల్లో కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. పైన మిషన్ల చప్పుడులో ఉన్న నాకు ఆ మాటలేవీ తెలియవు.

"ఈ స్వీటు మీ ఇద్దరిదీ" అన్నారు బావులాయన వాళ్ళతో. "మీరు లేకపోతే ఆ ఇరవై రెండు సంగతి ఎప్పటికీ తేలేది కాదు."

నా చేతిలో కలాకంద్ ముక్క అలాగే ఉండిపోయింది.

"నాదేమున్నది?" అన్నారు పంతులుగారు. "గా తోటకు చెరువుకెళ్ళి మట్టిగొట్టాల కాలువ తెచ్చిన్రని సనదుల ఉన్నది. తోట పోయింది, కాలువ నేల కిందనే ఉండిపోయింది. గంతే."

"బావులు తవ్వేవాళ్ళు దాన్నే దొంగజల అన్నారు నాతో" అన్నారు తెలుగావిడ. "బావిలో పుట్టనిది, చెప్పాపెట్టకుండా ఎక్కణ్ణుంచో వచ్చి పోయేదిట. ఆ మాట రెండేళ్ళ నుంచీ నా దగ్గర పడి ఉంది, ఏం చేసుకోవాలో తెలీక."

"ఆ వేసవిలో తూము బాగు చెయ్యడానికి చెరువు నీళ్ళు వదిలారు. అవి పాత కాలువ పట్టుకుని ఈ బావిలోకొచ్చాయి" అని బావులాయన నా వైపు తిరిగి ఓపిగ్గా చెప్పారు. "చివరి అధ్యాయం మొత్తం ఆ ఒక్క అంకె మీదే కట్టానండీ."

చివరి అధ్యాయం కొట్టింది యజమాని. ఆయన మతలబు చదవరు. ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. కానీ పరీక్షించేవాళ్ళు అధ్యాయంలో ఇరవై రెండు చదివి, పట్టిక తిప్పి ఇరవై ఎనిమిది చూస్తారు. ఈయన అబద్ధం రాశాడనుకుంటారు. కలాకంద్ పక్కన పెట్టేశాను.

"పట్టికలో ఇరవై రెండు లేదండీ. ఇరవై ఎనిమిది ఉంది."

"చెయ్యి జారిందా?"

"జారలేదు. కావాలనే కొట్టాను. మీరు తప్పు రాశారనుకున్నాను."

ఆయన మొహం ఎర్రబడింది. అంత నెమ్మదస్తుడు లేచి నిలబడి, "మీరెవరండీ నా బావిని సరిదిద్దడానికి?" అన్నారు. తప్పు నాదే అయినా నాకూ రోషం వచ్చింది. మీరు పట్టిక చూసుకోవద్దా అనబోయి, నాలుక కరుచుకున్నాను. ఆయన మళ్ళీ అడిగారు: "ఇంకా ఎక్కడెక్కడ సరిదిద్దారు?"

ఎన్నిచోట్ల చెయ్యి చేసుకున్నానో నాకే గుర్తులేదు. అప్పుడేడ్చాను, అందరి ముందూ.

"పాత కాగితాల కాడ మాకు రోజూ ఇదే తిప్పలు" అన్నారు పంతులుగారు, నా వైపు చూడకుండా. "నకలు రాసేటోడు తెలివిలేనోడైతే వాని తప్పు దొరుకుతది. తెలివైనోడైతేనే ఖతరా. నున్నగ దిద్ది పెడ్తడు, ఎవ్వనికి దొరకదు." ఓదార్చారో దెప్పారో నాకర్థం కాలేదు. రెండూ అయ్యుంటుంది.

యజమాని లేచారు. మేకు మీది గొడుగు తీసుకుని, "జిల్దు సంగతి నేను సూసొస్త. జర మీరు లెక్కలు మిలాయించుండ్రి" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. బావులాయన గదికెళ్ళి బావుల దగ్గర రాసుకున్న నోటు పుస్తకాలు తెచ్చారు. వెళ్ళిపోదామంటే వెళ్ళిపోవచ్చు గానీ మిగతా ఇద్దరూ కదల్లేదు. "నా పుస్తకం మీరు చదవండి" అన్నారాయన నాతో, ముభావంగా. అయిదో ప్రతి ఆ ముగ్గురి ముందూ పరిచారు. నేను ఒక్కో అంకే చదవడం, వాళ్ళు వేలు పెట్టి చూసి "ఔ", "ఆఁ" అనడం.

అప్పటిదాకా నేను చూసింది ఆయన శుభ్రంగా ఎత్తి రాసిన కాగితాలనే. ఈ పుస్తకాల నిండా మట్టి వేలిముద్రలు, నీటి మరకలు, ఒకచోట ఎవరింటి కుక్కతో జాగ్రత్తో కూడా రాసి ఉంది. గంట గడిచాక ఒకచోట పద్నాలుగు నా చేతిలో పదిహేనైందని తేలింది. ఇంకోచోట ఆయన ఖాళీ వదిలిన గడిలో నేను అటూ ఇటూ అంకెలు చూసి పదకొండు పెట్టాను.

"ఆ రోజు నాకు జ్వరం. ఆ బావికి వెళ్ళలేదు" అన్నారాయన. నా వైపు తిరిగి, "నా బదులు మీరెళ్ళి కొలిచొచ్చారన్నమాట" అన్నారు. తెలుగావిడ పకపకా నవ్వేశారు. ఆయనా నవ్వారు.

యజమాని తిరిగొచ్చి, అట్టల జిగురు ఆరలేదని, రేపు పది గంటలకి గానీ ప్రతులు తెరవడానికి లేదని చెప్పారు. తేదీకి సాయంత్రం దాకా టైముంది కాబట్టి ఫికరు లేదన్నారు. మేం నాంపల్లి బావి పేజీకి వచ్చాం. నేను చదవబోయి ఆగిపోయాను. ఆ తేదీకి ఎదురుగా పెన్సిలుతో ఇరవై ఎనిమిది అని రాసి ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద ఇరవై రెండు. పక్కన చిన్న అక్షరాలతో, తెలుగులో: మళ్ళీ చూశాను.

పుస్తకం ఆయన వైపు తిప్పాను. ఆయన కొట్టేసిన అంకె మీద వేలు పెట్టారు.

"టేపు పైకి లాగకముందే రాసేశాను" అన్నారు. "రెండు వారాలకో అడుగు దిగడం చూసి చూసి, ఇరవై ఎనిమిదే ఉంటుందనుకున్నాను. లాగితే ఇరవై రెండు దగ్గరే తడి. నమ్మకం కుదరక మూడుసార్లు దింపాను." తర్వాత గొంతు తగ్గించి, "పొద్దున మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది" అన్నారు.

మర్నాడు పదింటికి నాంపల్లి సందులో, జిల్దు దుకాణం అరుగు మీద కూర్చుని, సగం బ్లేడుతో నాలుగు ప్రతుల్లోనూ నా అంకెలు గీకాను. కాగితం చిల్లి పడకుండా గీకడం మా వృత్తిలో నిజమైన చదువు, అది నాకు బాగానే వచ్చు. యజమాని గొడుగు పట్టుకుని నా మీద ఎండ పడకుండా నిలబడ్డారు. "ఇగ నువ్వు మతలబు సదువుకో బిడ్డా, వద్దనను. గాని అడగకుండ ముట్టకు" అన్నారు. అంకెలు నల్లసిరాతో బావులాయనే వేసి, ప్రతి దిద్దుబాటు పక్కనా సంతకం చేశారు. ఇరవై రెండు దగ్గరికొచ్చాక కలం నాకిచ్చారు.

"మీరూ పెట్టండి."

"నేనెందుకండీ?"

"నా పుస్తకంలో మళ్ళీ చూసింది నేను. ఇందులో మళ్ళీ చూసింది మీరేగా."

నాలుగు ప్రతుల్లోనూ పెట్టాను. ఆయన వాటిని రిక్షాలో పెట్టుకుని వెళ్ళి, మూడు గంటలకల్లా రసీదుతో తిరిగొచ్చారు. ముందు రోజు పక్కన పెట్టిన కలాకంద్ ముక్క అప్పుడు తిన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ దుకాణంలోనే పనిచేశాను. శాసనాలు, చేపలు, జానపదుల పాటలు, ఉక్కు, మశూచి, వ్యాకరణాలు, ఎన్ని కొట్టానో లెక్కలేదు. టైపు చేసినవాళ్ళ పేరు గ్రంథంలో వేసే ఆచారం లేదు, నేనూ అడగలేదు. ఆ ఒక్క గ్రంథంలో మాత్రం, నాంపల్లి బావి పట్టికలో, ఇరవై రెండు పక్కన, ఆయన సంతకం కింద నా పొడి అక్షరాలున్నాయి.