నజ్రాన్ దాకా పోగల బండి

సౌదీలో, ఖఫ్జీ అనే ఊళ్ళో నేను ఇంటి డ్రైవరుగా ఉన్నప్పుడు నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అంటారు, ఆయన కొడుకులిద్దరికీ బండ్ల పిచ్చి. పెద్దవాడిది అమెరికా పికప్. పది సిలిండర్లు, ఐదొందల హార్స్ పవర్. చిన్నవాడిది రెండు తలుపుల మజిల్ కారు. పవర్ పికప్ కన్నా తక్కువే, బరువు ఇంకా తక్కువ. ఏది గొప్పదన్న వాదన ఆ ఇంట్లో తిండి ముందు మొదలై తిండి తర్వాత కూడా తెగేది కాదు. కఫీల్ ముసలాయన, మంచం దిగలేడు. మా జీతాలు, సెలవులు, ఇఖామా అనే గుర్తింపు కార్డులు అన్నీ పెద్దకొడుకు చేతిలోనే. ఇఖామా జేబులో లేకుండా ఊరు దాటితే మొదటి చెక్‌పోస్టులోనే పట్టుకుంటారు. నా పని ఆడవాళ్ళను బజారుకూ పిల్లలను బడికీ తిప్పడం, మిగతా పొద్దంతా ఆ రెండు బండ్లనూ కడిగి తుడవడం.

రోజూ తుడిచేవాణ్ణి కాబట్టి ఆ వాదనలో నాకూ ఒక పక్షం ఉండేది. కాకపోతే నా కొలత వేరు. ఈ రెండింటిలో ఏది నన్ను నజ్రాన్ తీసుకుపోగలదు అన్నదొక్కటే నేను చూసుకునేది.

నజ్రాన్‌లో నా భార్య ఒక ఇంట్లో పనిచేసేది. నాకన్నా ముందే సౌదీ వచ్చింది. మాది కడప జిల్లా. "మీయామె ఉండేది సౌదీలోనే, నువ్వు పోయేది సౌదీకే, ఇంగేం గావాలబ్బా" అని ఏజెంటు అంటే ఎగిరి గంతేసి పాస్‌పోర్టు చేతిలో పెట్టాను. రాజంపేట నుంచి కడప పోయినట్టు శుక్రవారం పోయి చూసి రావచ్చనుకున్నాను. దిగాక తెలిసింది. ఖఫ్జీ కువైట్ బార్డరు మీద, నజ్రాన్ యెమెన్ బార్డరు మీద. దేశానికి ఈ కొసన నేను, ఆ కొసన ఆమె. ఊళ్ళో వాళ్ళేమో మొగుడూ పెళ్ళాం ఒకచోటే సంపాదిస్తున్నారని కుళ్ళుకునేవాళ్ళు. నా తెలివికి నేను తిట్టుకోని రోజు లేదు.

అందుకే బండి తుడుస్తూ నజ్రాన్ దారి ఊహించుకునేవాణ్ణి. కారు సీటు మెత్తన, రోడ్డును పట్టుకుని పోతుంది. కానీ గాలికి ఇసుక రోడ్డెక్కిన చోట దాని కడుపు నేలకు తగులుతుంది. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, నడుం వంచి దూరాలి. ఒంట్లో బాగాలేని మనిషి వల్ల కాదు. పికప్ పెట్రోలు నీళ్ళు తాగినట్టు తాగుతుంది, గతుకుల్లో ఎద్దులబండిలా ఎగరేస్తుంది. అయినా ఎత్తైన బండి, పెద్ద తలుపు, వెనక తొట్టిలో పరుపు పరుచుకోవచ్చు. నా ఓటు పికప్‌కే.

ఒంట్లో బాగాలేని మనిషి అని ఎందుకన్నానంటే, అప్పటికే ఆమె కాళ్ళు వాచి ఆస్పత్రిలో చేరింది. ఆ సంగతి నాకు ఫోనులో చెప్పింది అక్కడి నర్సమ్మ, గోదావరి వైపు మనిషి. ఆమెకు నేనెవరో కూడా తెలియదు. "ఒక్కసారి వచ్చి కనపడండి అన్నయ్యగారూ. కిడ్నీలండి. ఆవిడ మీతో చెప్పొద్దంటున్నారు గానీ, అస్సలు బాలేదండి. వాళ్ళ మేడమ్ ఈ గురువారం కాక పై గురువారం ఇండియా పంపించేస్తుందంట" అంది.

తర్వాత నా భార్య మాట్లాడింది. "ఏమీ లేదులే, ఊరికే కాళ్ళు గుంజుతాండాయి" అంది. మళ్ళీ తనే, "వస్తావా?" అంది. ఆమె నన్నెప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

పెద్దకొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాను. నా ఇఖామా ఇప్పించు, రెండు రోజుల్లో తిరిగొస్తానన్నాను. వాడు చెడ్డవాడేమీ కాదు. అదే నా ఖర్మ, చెడ్డవాడైతే ఆశ పెట్టుకునేవాణ్ణి కాదు. "ఈ గురువారం తమ్ముడి మీద గెలవనీ. నేనే నిన్ను ఈ బండిలో నజ్రాన్ తీసుకెళ్తా, వల్లాహి" అని ఒట్టేశాడు.

ప్రతి గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఊరి బయట తిన్నటి రోడ్డు మీద అన్నదమ్ముల పందెం. ప్రతిసారీ పికప్పే ఓడేది. అంత పెద్ద ఇంజనూ ముందే ఉంటుంది, వెనక ఖాళీ తొట్టి. కాలు నొక్కగానే వెనక చక్రాలు పట్టు లేక ఉన్నచోటే తిరిగి పొగలు కక్కేవి, ఈలోగా కారు కనపడకుండా పోయేది. తొట్టిలో ఇసుక మూటలు వేసి చూశారు. అవి అటూ ఇటూ జారి పగిలిపోయాయి. ఆ గురువారం వాడు నా వైపు చూసి, "నువ్వెక్కు" అన్నాడు.

ఎక్కాను. వెనక చక్రాలకు సరిగ్గా పైన కూర్చుని రెండు చేతులా ఇనప కడ్డీ పట్టుకున్నాను. బండి ఉరికినప్పుడు పేగులు వీపుకు అతుక్కున్నాయి. నేను మాత్రం, గెలువు తల్లీ, గెలువు అని ఆ బండిని ప్రార్థించాను. పికప్ గెలిచింది. పెద్దకొడుకు నన్ను కిందకు దించి కావలించుకున్నాడు. పెళ్ళినాడు కూడా అంత సంతోషం ఎరగను.

మర్నాడు గుడ్డలు సంచిలో సర్దుకుని వాడి ముందు నిలబడ్డాను.

"తమ్ముడు కొత్త టైర్లు వేయిస్తున్నాడు. వచ్చే గురువారం మళ్ళీ పందెం. అదయ్యాక పోదాం" అన్నాడు.

"ఆమె పోయేది ఆ గురువారమే. ఇసుక మూటలు గట్టిగా కట్టిస్తాను" అన్నాను.

"ఇసుక పట్టుకుని కూర్చోదు కదా" అన్నాడు. నన్ను మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లికి ఎలుకంటే ప్రేమ కూడా ఉంటే ఎవరితో చెప్పుకోవాలి? గెలిపిస్తే పంపుతాడని గెలిపించాను. గెలిపించాను కాబట్టి వదల్లేదు. ఆ వారమంతా రోజూ అడిగాను, రోజూ ఇన్షా అల్లా అన్నాడు. ఇఖామా లేకుండానే బస్సెక్కుదామని ఒకరోజు స్టాండు దాకా పోయాను. దారిలో పట్టుకుని జైల్లో వేస్తే ఆమె చూపే కాదు, గొంతు కూడా దక్కదని వెనక్కి వచ్చాను.

గురువారం మళ్ళీ తొట్టిలో కూర్చున్నాను. బండి కదిలిన క్షణంలో చొక్కా జేబులో ఫోను మోగింది. ఆమేనని తెలుసు, ఆ టైముకు ఇంకెవరు చేస్తారు? చెయ్యి వదిలితే వెనక రోడ్డు మీద పడి చస్తాను. ఆ మోత గుండె మీద అదురుతూనే ఉంది. రోడ్డు చివరికి చేరకముందే ఆగిపోయింది.

బండి ఆగీ ఆగగానే దూకి ఫోను చేశాను. అది ఎయిర్‌పోర్టు దాకా సాయం పోయిన నర్సమ్మ ఫోను, ఆమే ఎత్తింది.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళిపోయారండి అన్నయ్యగారూ. వీల్‌చెయిర్‌లో వెళ్ళారు. మీరు దారిలో ఉన్నారేమోనని తలుపు మూసేదాకా వెనక్కి తిరిగి చూస్తానే ఉన్నారండి."

అవతల ఇంకా ఏదో చెబుతోంది, నాకు వినపడలేదు. నాకు సెలవు దొరికి ఊరు చేరేసరికి ఆమె లేదు. కానీ నాకు ఆమె పోయింది ఆ రోడ్డు మీదే.

ఆ సాయంత్రం అక్కడే చిన్నవాడు ఓటమి ఒప్పుకోలేదు, ఇంకోసారి అన్నాడు. పెద్దవాడు హారన్ కొట్టి నన్ను పిలిచాడు. నేను వెళ్ళి ఎక్కాను.