చాటెడు తవుడు, ఒక ముల్కీ సర్టిఫికెట్

కాగితాన్ని కనిపెట్టినవారికి లోకం ఇచ్చిన గౌరవం, దాన్ని పారెయ్యకుండా దాచినవారికి ఏనాడూ ఇవ్వలేదు. శతాబ్దాలుగా సాగుతున్న ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి లాల్‌దర్వాజా మొహల్లాలో ఒకే ఒక్కడు, ఎవరూ అడక్కుండానే, నడుం కట్టాడు. అతడు పాల మొగులయ్య కొడుకు బాలనర్సింహ. ఐదో తరగతి నుంచి అతని చేతికి చిక్కిన ఏ చీటీ కూడా మళ్లీ బయటి వెలుతురు చూడలేదు. బస్సు టికెట్లు, దవాఖానా మందుచీటీలు, మశూచి టీకా వేసినట్టు ఇచ్చిన రసీదు, పరీక్ష ఫీజు రసీదులు, ఒకసారి గాలికి కొట్టుకొచ్చి వాకిట్లో పడిన ఎవరిదో పెళ్లి శుభలేఖ, అన్నీ తేదీల వారీగా ఒక రేకు పెట్టెలో కొలువుదీరి ఉండేవి. ఇంతకంటే తక్కువ దస్తావేజులతో సామ్రాజ్యాలు నడిచాయి.

మొగులయ్యకు ఎనిమిది బర్రెలు. వాటిలో ఒక్కదానికీ కాగితం లేదు, అయినా ఒక్కటీ దారి తప్పిపోలేదు. ఈ సంగతి ఆయన కొడుక్కి వారానికోసారైనా గుర్తు చేసేవాడు.

1936 వేసవిలో, అప్పుడే బి.ఎస్సీ. పాసైన బాలనర్సింహ, విలాయతు వెళ్లి చదువుకునేవారికి సర్కారు ఇచ్చే వజీఫాకు దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత ఇంట్లో చెప్పాడు.

"ఏం సదువుతవురా ఆడ?" అన్నాడు మొగులయ్య.

"పాలశాస్త్రం, బాపు. పాలు ఎట్ల పిండాలె, ఖరాబ్ గాకుండ ఎట్ల దాయాలె, సీసాలల్ల ఎట్ల పొయ్యాలె..."

"పాలు పిండుడు నేర్సుకోనీకె సముద్రం దాటాల్నా? ఆడి బర్రెలకు పొదుగు ఈపు మీదుంటదా?"

"ఆడ బర్రెలే ఉండయి బాపు. అన్ని ఆవులే."

మొగులయ్య పొయ్యి దగ్గరున్న భార్య వైపు తిరిగాడు. "ఇన్నవానే ఆండాలూ? బర్రెల్లేని దేశానికి పాల సదువుకు పోతడంట నీ కొడుకు."

అయినా సర్కారు ఖర్చు కాబట్టి ఒప్పుకున్నాడు. ఆ ఇంటికి అది మొదటి దెబ్బ మాత్రమే. అసలు దెబ్బ ముల్కీ సర్టిఫికెట్ దగ్గర కాచుకుని ఉంది.

వజీఫా ఈ రాజ్యంవారికే ఇస్తారు. ఫలానా మనిషి మన రాజ్యంవాడే, పరాయి ఇలాకా నుంచి వచ్చి దూరినవాడు కాడు అని సర్కారు రాసిచ్చే కాగితమే ముల్కీ సర్టిఫికెట్. శనివారంలోగా అది అందకపోతే వజీఫా జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. బాలనర్సింహ ధీమాగా పెట్టె తెరిచాడు. టీకా వేయించుకున్నట్టు రుజువుంది, దగ్గుమందు తాగినట్టు రుజువుంది, బస్సెక్కినట్టు నూట నలభై రుజువులున్నాయి. పుట్టినట్టు మాత్రం ఎక్కడా లేదు. అతడు పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల మీద. ఆమె రసీదు ఇవ్వలేదు.

పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఇద్దరు మొహల్లావాళ్లను గవాహీకి తీసుకురమ్మన్నారు కచేరీలో. ఒకరు కిరాణా దుకాణం రామలింగయ్య. రెండోవారిగా గోడ పక్కింటి రుక్మాబాయిని మొగులయ్యే ఎంచాడు. బొంతలు కుట్టి బతికే వితంతువు. ఉర్దూ బాగా మాట్లాడుతుంది. అన్నిటికంటే, అబద్ధం చెప్పదని మొహల్లా అంతా ఆమెకు పేరు. మర్యాద కోసం చెప్పాల్సిన అబద్ధం కూడా చెప్పేది కాదు. పెళ్లిభోజనం పెట్టి "ఎట్లుంది వదినా పప్పు?" అని అడిగినవాళ్లు మళ్లీ ఆమెను అడగలేదు. ఇంతటి సత్యసంధురాలిని కచేరీకి తీసుకువెళ్లడం ఎంత ప్రమాదమో మొగులయ్యకు తట్టలేదు.

గురువారం పొద్దున ఐదుగురూ కచేరీ చేరారు. కాగితాలు చూసే పేష్కార్ సాహెబ్ పాన్ ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి, ముందు రామలింగయ్యను అడిగాడు. ఆయన బాలనర్సింహ పుట్టిన నాటి వాన దగ్గర మొదలుపెట్టి పప్పుల ధరల దాకా వస్తుంటే ఆపించి, రుక్మాబాయి వైపు తిరిగాడు.

"ఈ పిల్లగాన్ని ఎరుగుదువా, బాయీ?"

"ఎరుగకేం సాహెబ్? మూడో దినం నుంచి ఎరుగుదు."

"ఎవరి కొడుకు?"

"నా కొడుకు."

పేష్కార్ కలం ఆగింది. రామలింగయ్య భుజం మీది కండువా కింద పడింది, ఆయన తీసుకోలేదు. మొగులయ్య ఏదో పరాచికమనుకుని నవ్వబోయి, ఆమె ముఖం చూసి నవ్వును సగంలోనే మింగాడు. ఆండాలు అరుగు మీద కూర్చోబోతూ కూర్చోవడం మరిచిపోయింది.

"క్యా బోల్‌రే తుమ్?" అన్నాడు పేష్కార్.

"నిజం జెప్తున్న సాహెబ్. మహంకాళమ్మ సాక్షి. చాటెడు తవుడిచ్చి కొన్న ఈన్ని. మల్ల కొనుక్కపోతమన్నరు, కొనుక్కపోలే. ఇయ్యాల్టిదాంక నా పిల్లగాడే."

"నీదే ఊరు?"

"షోలాపూర్. మా ఆయనది గూడ ఆడనే."

పేష్కార్ ముఖంలో ఒక గొప్ప చిక్కు విప్పిన వెలుగు కనిపించింది. షోలాపూర్ ఇంగ్లీషువారి ఇలాకా. తల్లి షోలాపూర్, తండ్రి షోలాపూర్, కనుక కొడుకు గైర్‌ముల్కీ, అంటే పరాయి రాజ్యంవాడు. ఆ ముక్క అందమైన దస్తూరీతో రాసి, మిసిల్ కట్ట మూసి పక్కన పెట్టాడు. "శనివారం పెద్ద సాహెబ్ చూస్తరు. రేపు జుమ్మా, కచేరీ బంద్."

చార్మినార్ నుంచి శాలిబండ దాకా ఐదుగురూ ఒకరి వెనక ఒకరు నడిచారు. శాలిబండ దాటాక బాలనర్సింహ ఆగాడు.

"బాపు. నన్ను అమ్మిన్రా?"

"అమ్ముడంటే అమ్ముడు గాదురా. రివాజు."

"తవుడుకా?"

"మంచి తవుడు."

"చాటెడేనా?"

"మూడు దినాల పిల్లగానివి, గంతకంటె ఏం పలుకుతవురా?" అన్నాడు వెనక నుంచి రామలింగయ్య. సరుకు ధర విషయంలో మాట్లాడకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు.

జరిగింది ఇది. ఆండాలుకు అంతకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోవాడైనా దక్కాలని మూడో రోజున చాటలో పడుకోబెట్టి పక్కింటికి అమ్మారు. పిల్లవాడు పెరిగేది ఈ ఇంట్లోనే అయినా, వీళ్లవాడు కాదనుకుని మృత్యువు ఆ గుమ్మం దాటిపోవాలన్నది ఏర్పాటు. అలా అమ్మిన పిల్లలను కొందరు ఆ పూటే తిరిగి కొనుక్కుంటారు. ముగ్గురిని పోగొట్టుకున్న భయంతో వీళ్లు ఐదో ఏట, పుట్టువెంట్రుకలు తీసేనాడు కొనుక్కుంటామన్నారు. ఆ ఐదో ఏడే ఊరంతా పెద్ద జ్వరాలొచ్చాయి. మొగులయ్య బర్రెలనూ పెళ్లాంబిడ్డనూ తోలుకుని చాంద్రాయణగుట్ట అవతలికి పోయాడు. తిరిగొచ్చాక వెంట్రుకలు తీయించారు. కొనుక్కోవడం మరిచిపోయారు. ఏ బర్రె ఏ నెలలో ఈనిందో పదేళ్లయినా చెప్పగల మొగులయ్య, కొడుకును ఇంకొకరికి అమ్మి ఊరుకున్న సంగతి పద్ధెనిమిదేళ్లు గుర్తు చేసుకోలేదు.

రుక్మాబాయి మరవలేదు. ప్రతి దసరాకు బాలనర్సింహకు కొత్త అంగీ కుట్టి ఇచ్చేది. బోనాలకు అతని పేరున ఒక చిన్న కుండ వేరుగా ఎత్తేది. ఇరుగుపొరుగు ప్రేమ అనుకున్నారు వీళ్లు.

ఇల్లు చేరగానే ఆండాలు గోడ దగ్గర నిలబడింది.

"రుక్మక్కా! నా కడుపుల పుట్టినోన్ని కచేర్ల నీ కొడుకంటవా?"

"నీ కడుపుల పుట్టలేదన్ననా? అమ్మింది ఎవ్వలు? నేనొచ్చి అడిగిన్నా?"

"అది ఉత్తదే గదనే అక్కా! పిల్లగాడు బత్కాలెనని జేసింది!"

అప్పటికే బొంత ముందేసుకున్న రుక్మాబాయి చేతిలో సూది ఆగిపోయింది. ఆమె అంతగా నివ్వెరపోవడం మొహల్లా ఎన్నడూ చూడలేదు.

"ఉత్తదా?" అంది. "ఉత్తదైతే మరి వాడెట్ల బత్కిండు?"

రుక్మాబాయి సూదిని బొంతకు గుచ్చి గోడ దగ్గరికొచ్చింది.

"ఐదేండ్లకు వస్తరనుకున్న," అంది. "ఆరో ఏడు సూసిన. ఏడో ఏడు సూసిన. ఇగ రాకపోతే, నాకే ఇడిసిపెట్టిన్రు అనుకున్న."

బాలనర్సింహ కళ్ల ముందు శనివారం నిలబడి ఉంది.

"మౌసీ, ఎల్లుండికి ఆ కాగితం రాకపోతే నా సదువు పోయినట్టే. నువ్వొచ్చి నేను ఆళ్ల కొడుకునని ఒక్క మాట జెప్పు."

"అబద్ధం జెప్పనురా. ముందు కొనుక్కపొమ్మను, అప్పుడు జెప్త. నేనేమన్న ఆపుతున్ననా? నీ అమ్మకు గా మాత్రం తవుడు లేదా?"

శుక్రవారం పొద్దున, బర్రెలకు గడ్డి వేసిన తర్వాత, బాలనర్సింహ బి.ఎస్సీ.ని తిరిగి కొనుగోలు చేసే కార్యక్రమం జరిగింది. రుక్మాబాయి వాకిట్లో ముగ్గు పెట్టారు. గల్లీలో నిలబడే చోటు లేదు. మొగులయ్య చాటలో తవుడు పోసుకుని, కొత్త ధోవతి కట్టుకుని వచ్చాడు. రుక్మాబాయి గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది.

"ఇది తవుడా, ఊకనా?"

కొడుకు గైర్‌ముల్కీ అన్నప్పుడు కూడా మొగులయ్య ఇంతగా అదిరిపడలేదు. "ఏందీ? నా బర్రెలు తినే తవుడు ఇది!"

"గందుకేనా నీ పాలు గట్లున్నయి?"

గల్లీ అంతా నవ్వింది. రామలింగయ్య తన దుకాణం నుంచి మేలురకం తవుడు తెప్పించాడు. కొలిచారు. చాట నిండాక రుక్మాబాయి చేత్తో చదును చేసి, ఇంకో గుప్పెడు వేయమంది. "ఆనాడు నేను నిండుగ ఇచ్చిన."

తర్వాత అసలు చిక్కు. రివాజు ప్రకారం పిల్లవాణ్ని చాటలో పెట్టి అమ్మినామె అందించాలి, కొన్న తల్లి ఎత్తుకుని గడప దాటాలి. పిల్లవాడు ఆరడుగులు. మొహల్లా పెద్దలు ఆలోచించి, ఒక కాలు ఖాళీ చాటలో పెడితే సరిపోతుందన్నారు. బాలనర్సింహ పంట్లాం మడుచుకుని కుడికాలు పెట్టాడు. చాట ఫెళ్లుమంది.

"ఆనాడు పెడితే చాట సప్పుడే జెయ్యలే," అంది రుక్మాబాయి.

అతని చెయ్యి తీసి ఆండాలు చేతిలో పెట్టింది. "తీస్కపో ఆండాలూ. ఇగ నీ కొడుకే."

ఆండాలు అతన్ని చెయ్యి పట్టి లాగుతూ, తలుపు దగ్గర తల వంచమని చెబుతూ, తమ ఇంటి గడప దాటించింది. లోపలికి పోయాక ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో బయటివాళ్లకు తెలియలేదు. వాకిట్లో రుక్మాబాయి తవుడు ముందు నిలబడి ఉంది. ఆమెకు బర్రె లేదు, మేక లేదు, కోడి కూడా లేదు. ఒక గుప్పెడు కొంగున ముడివేసుకుని, మిగిలింది మొగులయ్య బర్రెలకు వేయమంది.

శనివారం మళ్లీ కచేరీ. దారి పొడవునా రుక్మాబాయి తాను చెప్పవలసింది వల్లించుకుంటూ నడిచింది. ఫలానా గురువారం దాకా నా కొడుకు, శుక్రవారం పొద్దున అమ్మిన, ఇప్పుడు ఆళ్ల కొడుకు. రామలింగయ్య తవుడు కొలిచినదానికి గవాహీగా వచ్చాడు. విరిగిన చాటను కూడా మొగులయ్య బట్టలో చుట్టి తెచ్చాడు. రుజువు ఉండాలన్న సంగతి ఆయనకు ఆ వయసులో, ఒక్కసారిగా బోధపడింది.

పెద్ద సాహెబ్ మిసిల్ తెరిచాడు. పేష్కార్ రాసిన అందమైన దస్తూరీని రెండుసార్లు చదివాడు.

"ఈ లడ్కా లాల్‌దర్వాజల ఎన్నేండ్ల సంది ఉంటుండు?"

"ఇరవై మూడేండ్లు, సాహెబ్," అన్నారు ఆండాలు, రుక్మాబాయి ఒకేసారి.

"ముల్కీకి పదిహేనేండ్లు ఉంటే సాలు గద. మరి మిసిల్ ఎందుకు ఆపిన్రు?" అని పేష్కార్‌ను అడిగి, జవాబు కోసం చూడకుండా దస్కత్ చేశాడు.

"సాహెబ్, నిన్న నేను ఈన్ని..." అని రుక్మాబాయి మొదలుపెట్టింది.

"హోగయా, బాయీ," అన్నాడు పెద్ద సాహెబ్, తర్వాతి మిసిల్ తెరుస్తూ.

ఆ మధ్యాహ్నమే వజీఫావారికి కాగితం చేరింది. బాలనర్సింహ సెప్టెంబరులో బొంబాయి పోయి ఓడెక్కాడు, రెండేళ్లకు తిరిగొచ్చి సర్కారీ పాల శాఖలో పెన్షన్ దాకా పనిచేశాడు. అదంతా తర్వాతి మాట. ఆ శనివారం కచేరీ వరండాలో చదువు రాని ఆ ఇద్దరు ఆడవాళ్లూ సర్టిఫికెట్ మీదికి చెరో వైపు నుంచి వంగారు. "నా పేరు యాడుందిరా?" అని ఆండాలు అడిగింది. రుక్మాబాయి ఏమీ అడగలేదు, కానీ చూపు తిప్పలేదు.

బాలనర్సింహ పై నుంచి కింది దాకా చదివాడు. పేరు, తండ్రి పేరు, మొహల్లా, ఉన్న ఏండ్లు. ఆ ఫారంలో తల్లి పేరు రాసే గడి లేదు.