దేగ్ ఎక్కిన శనివారం

మొన్న కామారెడ్డిలో ఒక సదస్సుకు పిలిస్తే వెళ్లాను. స్థానిక సమాజాల్లో సాంస్కృతిక వైవిధ్యం, పరస్పర సంవాదం అని వేదిక వెనక గుడ్డ మీద పెద్ద అక్షరాలు. పాతికేళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నదాన్ని కాబట్టి ఇలాంటి చోట నన్ను ముందు వరసలో కూచోబెడతారు, కునుకు తీయడానికి వీలుండదు. హైదరాబాదు నుంచి వచ్చిన వక్త చాలా మంచి మనిషి. వేరువేరు మతాల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు కల్పించాలి, అందుకు ప్రభుత్వాలకు ఒక విధానమంటూ ఉండాలి, ఒకరి ఆచారాన్ని ఒకరు గౌరవించడం నేర్పాలి అని ఓపిగ్గా చెప్పాడు. అన్నీ నిజమే. నేను తలూపుతూనే ఉన్నాను గాని, గౌరవం అన్న మాట ఆయన నోట వచ్చినప్పుడల్లా మా మామ కట్టించిన తాడు గుర్తొచ్చి నవ్వు ఆపుకోవడం కష్టమైంది. దగ్గు వస్తోందనుకుని పక్కావిడ మంచినీళ్ల సీసా అందించింది.

2009లో నాకు ఎల్లారెడ్డి బడికి బదిలీ అయింది. మా ఆయనది పిట్లంలో ఉద్యోగం. ఎల్లారెడ్డిలోనే అత్తగారిల్లు ఉంది కదా అని అక్కడే చేరాం. మామ రిటైరైన హెడ్మాస్టరు. ఇంట్లో పిల్లి లోపలికి వచ్చినా ఆలస్యానికి కారణం అడిగే రకం. అత్తమ్మ పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఒళ్లో బీడీల చాటతో ఉండేది. పక్కింట్లో ఖాలా. ఆమెను నేనే కాదు, వీధంతా ఖాలా, అంటే పిన్నీ, అనేవాళ్లు, అత్తమ్మ తప్ప. అత్తమ్మకు ఆమె 'చెల్లె'. రెండు వంటిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడకు చెరో పక్కన కూచుని ఇద్దరూ తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ పొద్దంతా మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటలకు మొదలూ చివరా ఉండేవి కావు. నేను బడికి వెళ్లేటప్పుడు ఎవరి కోడలి గురించో నడుస్తున్న మాట నేను తిరిగొచ్చేసరికి వర్షాల మీదికి వెళ్లి, రాత్రికి మళ్లీ ఆ కోడలి దగ్గరికే వచ్చేది.

ఆ గోడ మీద ఒక పద్ధతి నడిచేది. రంజాను నెలలో ఖాలా రోజా ఉంటుంది కాబట్టి సాయంత్రం వంటలో ఉప్పు ఆమె చూడలేదు. నాలుక మీద పెట్టి ఉమ్మేయొచ్చని మసీదు పెద్దమనిషి చెప్పినా ఆమె వినేది కాదు. "నోట్లకు పోయింది కడుపులకు పోదని అల్లాకు నేనెట్ల జామీను ఇయ్యాలె" అనేది. అందుకని గరిటె పట్టుకుని గోడ దగ్గరికి వచ్చేది. అత్తమ్మ అరచెయ్యి చాపేది. ఖాలా ఎత్తు నుంచి నాలుగు చుక్కలు పోసేది, గరిటెకు ఎంగిలి తగలకుండా. అత్తమ్మ నాకి, కళ్లు మూసుకుని, కాసేపు ఏదో లెక్క కట్టినట్టు ఆగి "జర" అంటే ఇంకొంచెం వెయ్యాలి, "చాల్" అంటే దించొచ్చు. అత్తమ్మ ఒక్కపొద్దు ఉండే రోజుల్లో, అంటే శివరాత్రికీ తొలి ఏకాదశికీ శ్రావణ శనివారాలకూ, చెయ్యి చాపడం ఖాలా వంతు. వాళ్లకు పోట్లాటలూ తక్కువేం కాదు. ఒకసారి కోడిపిల్ల విషయంలో మాటలు బందైతే, ఖాలా గరిటెతో వచ్చి గోడతో "ఓ గోడా, జర ఉప్పు చూడుమను" అంది. అత్తమ్మ చెయ్యి చాపి, చప్పరించి, గోడతోనే "సాలదని చెప్పు" అంది. కోపం కోపమే, ఉప్పు ఉప్పే.

నేను వెళ్లిన మరుసటి ఏడు నుంచి ఒక చిక్కొచ్చింది. రంజాను జరుగుతూ జరుగుతూ వచ్చి సరిగ్గా శ్రావణంలో పడింది. ఇక శనివారాలు ఇద్దరూ ఉపవాసమే. ఆ రోజుల్లో మా రెండిళ్లలో ఉప్పు దైవాధీనం. నన్ను పిలవొచ్చు కదా అంటే, "నీకు అన్నీ మంచిగనే ఉంటయి బిడ్డా" అని అత్తమ్మ జాలిగా నవ్వేది. తిట్టిందో మెచ్చుకుందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

2011 వానాకాలంలో పై నుంచి ఒక కార్యక్రమం వచ్చింది. ఊళ్లో అన్ని వర్గాల వాళ్లూ ఒకచోట వండుకుని, కలిసి కూచుని తినాలి, మాట్లాడుకోవాలి. స్థానిక కమిటీకి మా మామ అధ్యక్షుడు. రిటైరయ్యాక ఆయనకు దొరికిన మొదటి బడి అది. రంజాను నెల కాబట్టి ఇఫ్తారు వేళకే విందు పెడదామన్నారు. బగారా అన్నం ఎవరు వండాలి అన్నప్పుడు మామే ఖాలా పేరు చెప్పాడు. అది మామూలు సంగతి కాదు. ఖాలా భర్త ఆ చుట్టుపక్కల పేరున్న వంటమనిషి. ఎవరింట పెళ్లైనా, ఏ మతమైనా, ఆయన దేగ్ పొయ్యెక్కాల్సిందే. ఇద్దరు మనుషులు పట్టి లేపే రాగి పాత్ర అది. ఆయన పోయాక మూడేళ్లుగా వాళ్ల రేకుల కింద బోర్లా పడి ఉంది. బియ్యం కడగడం నుంచి దమ్ వేయడం దాకా అన్నిట్లో ఖాలా చెయ్యి ఉండేది గాని, దేగ్ ఆమె ఒక్కతే ఎక్కించింది లేదు. అప్పటికే తంబాకు దుమ్ముకు ఆమె రొమ్ము పట్టేసి, రాత్రుళ్లు దగ్గు మా గోడ దాటి వినపడేది. బీడీలు మానమని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం అన్నం కుదిరితే పెళ్లిళ్లకు పిలుస్తారు, చాట పక్కన పెట్టొచ్చు. కుదరకపోతే ఆ వంట ఆయనతోనే పోయిందంటారు, దేగ్ మళ్లీ బోర్లా పడుతుంది.

"అక్కా, నువ్వుంటవు గద?" అని అడిగింది ఖాలా.

"నేనేడికి పోత," అంది అత్తమ్మ.

అప్పటికి తారీకు ఖాయం కాలేదు. తీరా చూస్తే కామారెడ్డి నుంచి రావాల్సిన అధికారికి శనివారమే వీలైంది. అది శ్రావణంలో ఆఖరి శనివారం. పెళ్లైనప్పటి నుంచి అత్తమ్మ ఒక్క శ్రావణ శనివారమూ తప్పలేదు. దీపం పెట్టాకే ముద్ద ముట్టేది. "వారంల ఇంకో దినమే లేదా నీకు?" అని మామను నిలదీసింది. అధికారి వీలు ముఖ్యమని ఆయన బోధించాడు. ఆమె ఆయన కంచంలో ఆ పూట పచ్చడి వేయలేదు.

మామ అంతటితో ఆగినా బాగుండేది. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని ఆయన పది రోజులు ఆలోచించాడు. బడి మైదానంలో రెండు పొయ్యిలు, రెండు రకాల గిన్నెలు, వడ్డించడానికి రెండు జట్లు. ఒకరి వంటలో ఒకరి చెయ్యి పడితే ఎవరికైనా పట్టింపు ఉండొచ్చు కదా అని, మధ్యలో షామియానా గుంజల నుంచి రంగు కాగితాలంటించిన తాడు ఒకటి కట్టించాడు. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు రాకూడదు. కాపలాకు బట్టల దుకాణం సేటును పెట్టాడు. కలిసి తినడానికి పెట్టిన విందులో ఊళ్లో ఎన్నడూ లేని గీత పడింది. మనిషి చెడ్డవాడు కాదు, మర్యాద మరీ ఎక్కువైన మనిషి. తాడుకు ఇవతల అత్తమ్మ పులిహోర కలుపుతోంది. అవతల ఖాలా దేగ్ కింద తడి కట్టెలు ఊదుతోంది. ముసురు పట్టి పొగంతా నేలమీదే తిరుగుతోంది.

ఎసరు మరిగింది. బగారా అన్నానికి అసలు ఘడియ అదే. బియ్యం పడక ముందే ఎసరు రుచి చూడాలి. అప్పుడది నోటికి కాస్త ఉప్పగా తగలాలి, అన్నంలోకి వెళ్లాక సరిపోతుంది. బియ్యం పడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు. ఖాలా గరిటె పట్టుకుని అటూ ఇటూ చూసింది. సేటు చూసి ఉప్పు మస్తయిందన్నాడు. మామ పని మీద అటు పంపిన నేను చూసి బాగానే ఉందన్నాను, ఆమె వినిపించుకోలేదు. మామ గంభీరంగా వచ్చి, రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని, "సంతృప్తికరం" అన్నాడు. పిల్లల ప్రవర్తన గురించి ముప్పై ఏళ్లు రాసిన మాట అదే. "గదేం మాట సారూ, వెయ్యాల్నా వద్దా?" అంది ఖాలా. కట్టెలు మండుతున్నాయి, ఎసరు ఇంకుతోంది, ఆమె చెయ్యి బియ్యం గంప మీద ఉంది గాని లేవడం లేదు.

అత్తమ్మ పులిహోర చేతులు కొంగుకు తుడుచుకుని తాడు దగ్గరికి వచ్చింది. సేటు అడ్డం నిలబడి, "అమ్మా, అటు పోవద్దని సారు చెప్పిండు" అన్నాడు. "సారుకు నేను చెప్పుకుంట తియ్యి" అని తాడు కింద నుంచి దూరింది. పొట్టి మనిషి కాబట్టి పెద్దగా వంగాల్సిన పని కూడా లేకపోయింది. వెళ్లి అరచెయ్యి చాపింది.

ఖాలా గరిటె వెనక్కి తీసుకుంది. "వద్దక్కా. నీ ఒక్కపొద్దు."

"పొయ్యి."

"ఆఖరి శనివారం అక్కా. నా దేగ్ కోసం నీ నోము..."

"వచ్చే ఏడు మళ్ల శ్రావణం వస్తది. నీ దేగ్ ఇయ్యాల చెడితే మళ్ల ఎక్కుతదా? పొయ్యి చెల్లె, చెయ్యి గుంజుతున్నది."

ఖాలా పోసింది. పోస్తూ ఏడ్చింది. అత్తమ్మ చప్పరించి, కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే కాసేపు ఆగింది. "జర" అంది. ఖాలా పిడికెడు వేసి కలిపి మళ్లీ పోసింది. "చాల్. ఇగ బియ్యం పొయ్యి."

మామ ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. తన భార్య శనివారం పగలు నోట ఏదైనా పెట్టుకోవడం ఆయన చూసి ఎరగడు. కళ్లజోడు తీసి పంచెతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తర్వాత సేటును పిలిచి, "గాలికి షామియానా ఊగుతోంది, ఆ తాడు విప్పి అటు మూలకు కట్టించండి" అన్నాడు. గాలి లేదు, ముసురే. సేటు మంచివాడు, ఆ మాట అనలేదు.

అజాన్ వినపడింది. ఖర్జూరాలు పంచారు. అత్తమ్మ కూడా ఒకటి నోట్లో వేసుకుంది, ఇక దాచుకునేదేముందని. దేగ్ మూత తీసినప్పుడు లేచిన ఆవిరికి మైదానంలో తలలన్నీ అటు తిరిగాయి. లింగంపేట నుంచి వచ్చిన ముసలాయన ఒకడు మొదటి ముద్ద నమిలి, చెయ్యి ఆపి, ఖాలా వైపు చూసి, "ఆయన ఉన్నట్టే ఉంది బేటీ" అన్నాడు. ఆమె తల మీద కొంగు లాక్కుని పొయ్యి వైపు తిరిగింది. అధికారి రెండుసార్లు పెట్టించుకుని సామరస్యం మీద మాట్లాడాడు. అత్తమ్మ పులిహోరలో ఆ వేళ ఉప్పు వేయడమే మరిచిపోయిందని ఇంటికొచ్చాక తెలిసింది. మామ మాత్రం మూడు సార్లు తిన్నాడు, ఒక్క మాట అనలేదు.

ఈద్ అయిపోయింది. ఆ తర్వాతి శనివారం నాకు సెలవు. సాయంత్రం ఖాలా గరిటెతో గోడ దగ్గరికి వచ్చింది. అత్తమ్మ ఆశ్చర్యపోయి, "రంజాను అయిపాయె గదనే, నువ్వే చూసుకోరాదు" అంది.

"నేను ఒక్కపొద్దు ఉన్న," అంది ఖాలా. "నీ ఆఖరి శనివారం నా దేగ్ల పడ్డది గద. నీ బదులు నేనున్న."

"శ్రావణం దాటిపాయె పిచ్చిదానా."

"నెల దాటితే మీ దేవుడు తీసుకోడా అక్కా?"

అత్తమ్మ గోడ దగ్గరికి జరిగింది. అరచెయ్యి చాపింది. కాసేపటికి "చాల్" అంది, కళ్లు తెరవకుండానే. ఇవతల అన్నం వార్చుతున్న నేను గంజి సగం నేలపాలు చేశాను. ఆ ఇద్దరినీ నేను ఎంత ప్రేమించానో ఆ సాయంత్రమే నాకు తెలిసింది.

2014లో నేను కామారెడ్డికి వచ్చేసేనాటికి ఖాలా దేగ్ ఎల్లారెడ్డిలో ఒకచోట నిలిచేది కాదు, పెళ్లి పెళ్లికీ ఆటో ఎక్కేది. బీడీల చాటలో ఉల్లిగడ్డలు ఆరబోసుకునేది. తర్వాత కొన్నేళ్లకు అత్తమ్మ పోయింది. పెద్దకర్మ నాడు వంట ఖాలాదే. ఎసరు మరిగినప్పుడు ఆమె గరిటె పట్టుకుని అలవాటుగా పక్కకు చూసింది. ఆ రోజు ఆమెకు రోజా లేదు, తనే చూసుకోవచ్చు. అయినా గరిటె నా వైపు చాపింది. నేను అరచెయ్యి చాపాను.

రంజాను ఏటేటా కొంచెం ముందుకు జరిగి శ్రావణాన్ని ఎప్పుడో దాటిపోయింది. ఈ రెండు నెలలూ మళ్లీ ఒకటిగా రావాలంటే అన్నీ కలిపి ముప్పై ఏళ్లకు పైనే పడుతుందని మామ పంచాంగం చూసి చెప్పాడు. కాలానికి తొందరేం లేదు, తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. అది వచ్చేదాకా ఉండాలని నాకే ఆశ.