వకీలమ్మ అడగని ప్రశ్న

మందుల షాపు కౌంటరు వెనక ఇరవై రెండేళ్లుగా నిలబడుతున్న ఆవిడని వీధంతా వకీలమ్మ అంటుంది. చీటీ చూడగానే మందు తీసిచ్చే రకం కాదు మరి. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడగాలి, జవాబు రావాలి, అప్పుడే అల్మరా వైపు తిరుగుతుంది. దగ్గుమందుకి వచ్చినవాడికీ ఇదే విచారణ. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు, ఆవిడ చెవిన వేసుకోదు. మొండి మనిషి. అలాంటి మొండితనం ఉన్నవాళ్లు మందుల షాపుల్లో ఇంకా నలుగురు ఉండాలి.

ఆ సోమవారం ఉదయం మాత్రం అడగలేదు. షాపు నిండా జనం. బిల్లు మిషను మొరాయించింది. వెనకనుంచి ఎవడో "వకీలమ్మగారూ, వాయిదాలు వేయకుండా కానివ్వండి!" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఆవిడకి ఒళ్లు మండింది. సరిగ్గా అప్పుడే రెండు వీధుల అవతల ఉండే టైలరు బాబాయి చర్మం డాక్టరు రాసిన చీటీ చాపాడు. తామరకి మాత్రలు, రోజుకొకటి, పద్నాలుగు రోజులు. కిక్కురుమనకుండా కవర్లో వేసి ఇచ్చేసింది.

శనివారం పొద్దున్నే ఆయన కోడలు తల కూడా దువ్వుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, దూది ఇవ్వండి, బ్యాండేజీ కూడా. మామయ్య గడ్డం గీసుకుంటూ కోసుకున్నారు. గంట నుంచి కారుతూనే ఉంది."

"గంట నుంచా? బాగా తెగిందా?"

"గోరంత గాటక్కా. గుండెలో వాల్వు మార్చారు కదా, రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకుంటారు. తొమ్మిదేళ్లయింది. ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే ఆగుతుంది గానీ, మరీ ఇంతసేపా!"

"ఆ మాత్ర నా దగ్గర ఎప్పుడూ కొనలేదే?"

"పెద్దాసుపత్రిలోనే ఇస్తారు."

వకీలమ్మకి సోమవారం నాటి తామర చీటీ గుర్తొచ్చింది. కంప్యూటర్లో రెండు మందుల పేర్లూ కొట్టింది. తెర మీద రెండూ కలపకూడదని ఎర్రగీత వచ్చింది. అది చూడకముందే ఆవిడకి తెలుసు. తామర మాత్ర ఆ రెండోదాన్ని ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. అది పేరుకుపోతుంది, రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. ఆరు రోజులైంది ఆయన రెండూ మింగబట్టి.

నిలబడ్డవాళ్ల ముందే షట్టరు లాగేసి కోడలి వెంట పరుగు తీసింది.

ముందుగదిలో, గుడ్డ కప్పిన కుట్టుమిషను పక్కన కూర్చుని ఆయన గడ్డానికి తువ్వాలు అదిమిపెట్టుకున్నాడు. తువ్వాలు సగం ఎర్రబడింది.

"దూది తెమ్మంటే షాపునే తీసుకొచ్చావేమ్మా?" అని నవ్వాడు.

ఆవిడకి నవ్వు రాలేదు. ఆయన మోచేతుల దాకా నల్లగా కమిలిన మచ్చలు.

"ఇవెప్పుడు వచ్చాయి బాబాయ్?"

"ఏమో, ఎక్కడో కొట్టుకునుంటాను. చిగుళ్లూ కారుతున్నాయి. వయసు కదమ్మా."

"విరేచనం నల్లగా అవుతోందా?"

ఆయన సిగ్గుపడి కోడలి వైపు చూశాడు. "నిన్నటి నుంచి" అన్నాడు గొంతు తగ్గించి. అంటే కడుపులోనూ రక్తం కారుతోంది.

ఆటోలో రెండు మందుల అట్టలూ చేత్తో పట్టుకుని, ఆసుపత్రికి ఫోన్లో వాటి పేర్లు చదువుతూ కూర్చుంది. రక్తపరీక్ష చూసిన డాక్టరు "ఇంకొక్క రోజు ఆగుంటే..." అని, ఆ మాట అక్కడితో ఆపేశాడు. విరుగుడు ఇంజెక్షను ఇచ్చారు, రక్తం ఎక్కించారు. మూడు రోజులు ఏ సంగతీ తేల్చి చెప్పలేదు. ఆ మూడు రోజులూ ఆవిడకి ముద్ద దిగలేదు.

నాలుగోనాడు ఆయన లేచి కూర్చున్నాడు. కోడలు వకీలమ్మ చేతులు పట్టుకుని, "మీరే లేకపోతే..." అని ఏడ్చింది.

"ఆగమ్మా. తప్పు నాది. ఆ రోజు అడగాల్సింది అడగలేదు. అడిగుంటే ఈయన ఈ మంచం ఎక్కేవారే కాదు."

ఏ మాట అన్నా పడటానికి సిద్ధపడి తలొంచుకుంది. బాబాయి ఆవిడ చెయ్యి తట్టాడు.

"ఊరుకో తల్లీ. అడిగినా లేవనే చెప్పేవాణ్ణి. చర్మం డాక్టరుకీ అదే చెప్పాను. పోయినేడు నువ్వు రెండుసార్లు అడిగినప్పుడూ అదే చెప్పాను. తొమ్మిదేళ్లుగా మొహం కడుక్కున్నట్టు రోజూ వేసుకునేది మందెలా అవుతుంది? జబ్బు చేస్తే వేసుకునేది కదా మందు!"

ఓదార్చాలనే అన్నాడు పాపం. ఆవిడ మాత్రం మంచం అంచున కూలబడింది. "వేరే మందులేవీ లేవండీ" అని చెప్పి మందు పట్టుకెళ్లిన మొహాలు ఒక్కొక్కటే కళ్లముందుకు వస్తున్నాయి. అందరినీ నమ్మి పంపింది. వాళ్లలో ఎంతమంది మళ్లీ షాపుకి రాలేదో, ఎందుకు రాలేదో, ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.