మామ కత్తికి మెరుగు పెట్టిన వైనం

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజులవి. ఆ వయసులో లోకంలోని వస్తువులన్నీ నాకు రెండే రకాలుగా కనిపించేవి: మెరిసేవి, తోమితే మెరిసేవి. నార్కట్‌పల్లి రోడ్డు మీది మా స్టీలు సామాన్ల దుకాణం నేర్పిన చదువది. మా తాత గొర్లు కాసినవాడే గానీ, బాపు మంద అమ్మి దుకాణం పెట్టడంతో నేను గల్లాపెట్టె పక్కన పెరిగాను. ఊళ్లో నన్ను మించిన బేరగాడు లేడని నా నమ్మకం. (కూరగాయల అవ్వ నన్ను దూరం నుంచి చూడగానే గంప మీద గుడ్డ కప్పేసేది. అది నాకిచ్చే మర్యాద అనుకునేవాణ్ణి.)

అలాంటి నాకు నారాయణపేట దిక్కున ఒక సంబంధం వచ్చింది. పిల్ల నాకు నచ్చింది, నేనూ పిల్లకు నచ్చానని కబురందింది. ఇక ఒప్పుకోవలసింది పిల్ల తండ్రి. గొర్ల మంద ఉన్న మనిషి. "దుకాణం పిలగాడు గదా, రెండు దినాలు మా తాన ఉండిపోనీ, చూస్త" అన్నాడట. వట్టి చేతులతో ఎలా వెళ్తాను? హైదరాబాదు ఫుట్‌పాత్ మీద ఒక స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి బేరమాడాను. అడవిలో తిరిగేవాళ్లు ఒరతో సహా నడుముకు కట్టుకునే రకం. అమ్మేవాడు చివరికి "దండం పెడత, తీస్కపో అన్నా" అన్నాడు. వాళ్లింటికి వెళ్లి చేతిలో పెడితే, మామ దాన్ని ఒరలోంచి తీసి, అందులో మొఖం చూసుకుని, మీసం దువ్వుకుని మళ్లీ ఒరలో పెట్టాడు. "మంచిగున్నది. గడ్డం గీస్కునేటప్పుడు పనికొస్తది" అన్నాడంతే.

మరునాడు మామ పశువుల దవాఖానకు వెళ్తూ తన కత్తిని మంచం మీద వదిలి వెళ్లాడు. లారీ కమాను పట్టీని కాల్చి కమ్మరి కొట్టిచ్చిన కార్బన్ ఉక్కు కత్తి అది. చూసి నిర్ఘాంతపోయాను. నల్లగా, అక్కడక్కడ నీలంగా, పొయ్యిలోంచి తీసిన అట్లకాడలా ఉంది. ఇంత పెద్దమనిషి నడుముకు ఇదా! నాకు కాబోయే మామ కదా అని జాలిపడి నిమ్మచెక్క, బూడిద, పీచు పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికల్లా కత్తి వెండిలా తేలింది. దుకాణంలో పళ్లెం కడిగినట్టే నీళ్లు కొట్టి, తుడవకుండానే తోలు ఒరలో దూర్చాను. ఇక పెళ్లి ఖాయం అనుకున్నాను.

సాయంత్రం మామ కత్తి దూశాడు. కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తర్వాత గొర్లు సైతం చెవులు నిక్కించేలా అరిచాడు.

"ఎవడు? ఎవడు నా కత్తికి తోలు దీసిండు?"

నేనూ తొంగి చూశాను. తెల్లటి కత్తి అలుగు నిండా తట్టు పోసినట్టు ఎర్రెర్రటి చుక్కలు! పుట్టి బుద్ధెరిగాక తుప్పు పట్టే స్టీలును నేను చూడలేదు.

"మామా, మురికి పోతదని జర..."

"మురికా? ఎన్ని ఉల్లిగడ్డలు, ఎంత మాంసం, ఎంత నూనె దాగితే వచ్చింది గా నలుపు! గదే దానికి కాపలా. గిది నీ పళ్లేల లెక్క గాదు పిలగా, గొర్రె లెక్క. కాసుకుంటెనే బత్కుతది."

నాలోని దుకాణదారుడు ఊరుకోలేదు. "నాది కాయకపోయినా బత్కుతది మామా" అన్నాను. అంతే, నన్ను ఇంటి ముందరి తుమ్మచెట్టు దగ్గరికి లాక్కుపోయాడు. మేకల కోసం ఇద్దరం చెరో కత్తితో మండలు కొట్టాం. కాసేపటికి రెండు కత్తులూ మొద్దుబారాయి. మామ తన కత్తిని వాగు రాయి మీద నాలుగు రుద్దులు రుద్దగానే అది మళ్లీ కొరికింది. అదే రాయి మీద నాది కీచుమని ఏడ్చింది తప్ప పదునెక్కలేదు.

మామ మీసం మీద చెయ్యి వేసేలోగా వెనక నుంచి అత్తమ్మ అందుకుంది: "ఊకో, గొప్పలు! నీ కత్తితోని నిమ్మకాయ కోస్తే మజ్జిగంత ఇనుప వాసన. పోయిన వానల ఒరల మర్సిపోతె జంగు పట్టి, కమ్మరాయన కాళ్లు పట్టుకున్నది యాదిలేదా?" గుమ్మం చాటున పిల్ల పకపకా నవ్వింది.

మామ నవ్వలేదు. తడిసిన తోలు ఒరను పక్కన పడేసి, కత్తిని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "తీస్కపో. మల్ల నల్లగ చేస్కోని రా. గప్పుడు లగ్గం మాట."

బజారులో ఇలాంటి ధర ఎవరూ చెప్పగా నేను వినలేదు. అలవాటు కొద్దీ "సగం నలుపైతే..." అనబోయాను. "ఏందీ?" అన్నాడు. "ఏం లేదు మామా."

ఆ తర్వాత మా దుకాణం చూడాలి! తళతళలాడే బిందెల మధ్య కూర్చుని పొద్దస్తమానం ఉల్లిగడ్డలూ మామిడికాయలూ కోసేవాణ్ణి. "గిరాకీ అంత ఏడ్చుకుంట పోతాందిరా!" అని బాపు మొత్తుకున్నాడు. అడ్డదారిలో బూటు పాలిష్ కూడా పట్టించాను. (ఆ కత్తితోనే అమ్మ తొక్కుకు మామిడికాయ కోసింది. ఆ తొక్కు సంగతి మా ఇంట్లో నేటికీ ఎవరూ ఎత్తరు.) మళ్లీ తోమి మొదటికొచ్చాను. మెల్లగా అలుగు మీద పావురం మెడ రంగు తిరిగింది, తర్వాత నీలం, ఆపైన నలుపు. కోసిన ప్రతిసారీ తుడిచి నూనె రాయనిదే నాకు తోచేది కాదు.

వానలు పడ్డాక కత్తి తీసుకుని వెళ్లాను. మామ మందలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. నడుముకు నేనిచ్చిన మెరుపు కత్తి! నోరు తెరిచి చూస్తుండిపోయాను.

"ఏం జేయాలె?" అన్నాడు కొంచెం సిగ్గుగా. "వానల తుడ్వకున్నా ఏమంటలేదు. పదునుకే జర సతాయిస్తది. మంచి సానరాయి తెప్పిచ్చుకున్న." నా చేతిలోని కత్తిని అటూ ఇటూ తిప్పి, అంచు మీద బొటనవేలు ఆనించి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తిరిగి నాకే ఇచ్చాడు.

"మరి గిది మామా?"

"నలుపు నువ్వు దెచ్చినవ్. నువ్వే కాసుకో, అల్లుడా."

కత్తి నా చేతిలోనే ఉండిపోయింది. లగ్గం ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అని మామ ఏది చెబితే దానికల్లా తలూపానట. నార్కట్‌పల్లిలో బస్సు దిగాక గానీ నాకు తట్టలేదు, దేనికీ బేరమాడలేదని. ఆనాటి ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. రోడ్డు మీద అలాగే నిలబడి, ఏదో పోగొట్టుకున్నవాడిలా జేబులు తడుముకున్నాడు పాపం.